తమ్ముడి కోసం చూసిన డాక్టరు

మా తమ్ముడికి ఏమీ జరగలేదు. ఈ ఒక్క ముక్క జనాలకి ఎక్కించడానికి ఏడాదిన్నరగా నోరు నొప్పెట్టేలా చెప్తున్నాను, ఇంకా ఎక్కలేదు. ప్రేమలో దెబ్బతిన్నాడా? లేదు. ఉద్యోగం పోయిందా? పోలేదు, వాడే మానేశాడు. ఇంట్లో ఎవరైనా చనిపోయారా? అమ్మ పోయి పదకొండేళ్ళయింది, అప్పుడు వాడు బాగానే ఉన్నాడు, నన్ను కూడా వాడే ఓదార్చాడు. మరి ఏమైందమ్మా అంటారు. ఏమీ కాలేదు మహాప్రభో. ఒక మంగళవారం పొద్దున్న లేవలేదు. బుధవారం లేచాడు గానీ లేచినట్టు లేడు. అప్పటినుంచీ అంతే.

వాడి పని కట్టుడు పళ్ళు చేయడం. పళ్ళ డాక్టర్లు నోటి అచ్చు తీసి పంపిస్తే, దాన్ని బట్టి పన్ను చెక్కి, పక్క పంటి రంగుకి సరిపోయేలా రంగు కలిపి పంపించే ల్యాబులో పన్నెండేళ్ళు చేశాడు. పంటి తెలుపులో పదహారు రకాలుంటాయని వాడు చెప్పేదాకా నాకు తెలీదు. బస్సులో ఎదురుగా ఎవరైనా నవ్వితే వీడు మొహం చూడడు, పళ్ళు చూస్తాడు. "అక్కా, ఆ ఎడమ పక్కది మాదే" అనేవాడు నా చెవిలో. ఊళ్ళో సగంమంది నోట్లో వీడి చేతి పని ఉంది, వీడి నోట్లోంచి మాత్రం ఇప్పుడు రోజుకి పది మాటలు రావు.

ల్యాబు ఓనరు మంచివాడు. మూడు నెలలు వాడి కుర్చీలో ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు. వారానికోసారి ఇంటికొచ్చి, సోఫా అంచున కూర్చుని, "నడవాలి బాబూ, పొద్దున్నే నడవాలి, నడిస్తే అన్నీ అవే సర్దుకుంటాయి" అనేవాడు. తమ్ముడు నడిచాడు. వాడు మొండివాడైనా బాగుండేది, అదే నా బాధ. చెప్పిందల్లా చేశాడు. చెప్పుల అడుగులు అరిగేదాకా నడిచాడు. లేత ఎండలో కూర్చోమన్నారు, కూర్చున్నాడు. ఊపిరి పీల్చి ఏడు దాకా లెక్కపెట్టమన్నారు, పెట్టాడు. ఫోను పక్కన పడెయ్యమన్నారు, అది వాడు ఎప్పుడో పడేశాడు. రోజుకి మూడు మంచి విషయాలు డైరీలో రాయమన్నారు. మొదటి రోజు "అక్క, కాఫీ, ఫ్యాను" అని రాశాడు. రెండో రోజు "అక్క, కాఫీ" అని రాశాడు. మూడో రోజు డైరీ తెరవలేదు. మొక్కని పెంచమన్నారు. మొక్క మాత్రం ఏపుగా పెరిగింది, దానికేం రోగం.

మందులూ వాడాడు. పెద్దాసుపత్రిలో రాసిచ్చిన మాత్రలతో కాస్త నయమే, మంచం మీంచి కుర్చీలోకి వచ్చాడు. "మాత్రలు ఇంతవరకే లాక్కొస్తాయి. మిగతాది ఎవరితోనైనా వారం వారం కూర్చుని మాట్లాడుకోవాలి. మంచి మనిషిని చూసుకోండి" అన్నాడు అక్కడి డాక్టరు. మంచి మనిషిని చూసుకోవడమట. పెళ్ళి సంబంధం చూడడమే నయం, కనీసం ముందు ఫోటో ఇస్తారు.

మొదట దొరికినాయన మూడు వారాలు ఏం జరిగింది, ఏం జరిగింది అని తవ్వాడు. ఏమీ జరగలేదంటే నమ్మడు. చిన్నప్పుడు మీ నాన్న కొట్టేవాడా అన్నాడు. మా నాన్న దోమని కొట్టడానికి కూడా మొహమాటపడేవాడు. రెండో ఆవిడ వీడు చెప్పేదంతా విని, గడియారం చూసుకుని, "పెళ్ళి చేసుకుంటే సెట్ అయిపోతావు" అంది. ఆ సాయంత్రం వాడు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, ఇంక నావల్ల కాదు."

"ఏం పోయిందిరా, ఇంకొకళ్ళని చూద్దాం."

"ప్రతిసారీ మొదటినుంచి చెప్పాలి. పొద్దున్న లేవడం ఎలా ఉంటుందో చెప్పాలి. నిజమేనని నమ్మించాలి. అది చెప్పొచ్చాక మూడు రోజులు నేను మనిషిని కాను, నువ్వు చూస్తూనే ఉన్నావు కదా." చెప్పులు విప్పి గుమ్మం పక్కన పెట్టాడు. "ఇంకొక్కసారి చెప్పగలను. ఒక్కసారి. ఆ మనిషి సరైన మనిషైతే సరే. కాకపోతే ఇంక నన్ను అడగకు."

వాడు మాటంటే మాటే. ఏడేళ్ళప్పుడు దేనికో అలిగి ఇంక పెరుగు ముట్టనన్నాడు, ముప్ఫై నాలుగు వచ్చాయి, ఇప్పటిదాకా ముట్టలేదు. కాబట్టి ఒక్కసారంటే ఒక్కసారే. ఆ ఒక్కసారికి తగిన మనిషిని పట్టుకురావడం నా పని. నాకింకెవరున్నారు. పెళ్ళి చేసుకున్నాను, వదిలేశాను, రెండింటికీ పెద్దగా టైం పట్టలేదు. మిగిలింది వీడు.

నేను హెల్మెట్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తాను. మా గదిలో నిలువు స్తంభం ఒకటి ఉంటుంది, దాని పైనుంచి ఇనప గుండు జారి కింద పెట్టిన హెల్మెట్ మీద పడుతుంది. లోపలి బొమ్మ తలకి ఎంత దెబ్బ తగిలిందో మిషను చూపిస్తుంది. ఏ హెల్మెట్‌ని పరీక్షకి పెట్టాలో తయారుచేసినవాళ్ళు చెప్పకూడదు. చెప్పి వెళ్తే మంచిదే చేతికిస్తారు. అందుకని సీలు వేసిన అట్టపెట్టెలు నేనే తెరిచి, చెప్పాపెట్టకుండా ఒకటి లాగుతాను. గుండు పడినదాన్ని మళ్ళీ అమ్మం, పైకి గీత కూడా పడకపోయినా సరే, సుత్తితో పగలగొట్టి పారేస్తాం. పంతొమ్మిదేళ్ళుగా ఇదే నా పని. సూపర్‌వైజరు వెనకాల నన్ను రిజెక్టమ్మ అంటాడని నాకు తెలుసు, నాకు తెలుసని వాడికీ తెలుసు.

తెలిసిన పద్ధతిలోనే దిగాను. ముందు నేను వెళ్ళాలి, పేషెంటులాగా. తమ్ముడి కోసమని చెప్పకూడదు. బంధువులతో మాట్లాడే తీరు వేరు, రోగితో మాట్లాడే తీరు వేరు, ఆసుపత్రి వరండాలో ఒక పూట నిలబడ్డవాళ్ళకి ఎవరికైనా తెలుసా సంగతి. వాడి బాధని నా బాధగా, వాడి మాటల్లోనే చెప్పాలి. "పొద్దున్న లేవబుద్ధి కాదు. ఏమీ జరగలేదు. కారణం లేదు." ఆ పైన నోరు మూసుకుని చూడాలి. ఏమీ జరగలేదన్నాక కూడా మూడోసారి ఏం జరిగిందని అడిగితే ఫెయిల్. గడియారం చూస్తే ఫెయిల్. పెళ్ళి మాటెత్తితే అక్కడికక్కడే ఫెయిల్. ఫ్యాక్టరీ నుంచి ఖాళీ తనిఖీ షీట్లు తెచ్చుకుని, హెల్మెట్ మోడల్ అన్నచోట డాక్టరు పేరు రాసుకున్నాను. కౌన్సెలరు, థెరపిస్టు, సైకాలజిస్టు అని వాళ్ళలో వాళ్ళకి తేడాలున్నాయట. నాకు అందరూ డాక్టర్లే.

ఒకాయన నేను రెండు ముక్కలు చెప్పానో లేదో "మా ఆవిడకీ సరిగ్గా ఇంతేనండీ" అన్నాడు. గంటసేపు వాళ్ళావిడ కథ విని, ఆవిడ మీద జాలేసి నేనే రెండు సలహాలు చెప్పొచ్చాను. ఇంకొకావిడ నవ్వుతూనే ఉంది. ఇల్లు అంటుకుందని చెప్పినా అదే నవ్వు నవ్వేలా ఉంది. మరొకాయన గదిలోకి వెళ్ళగానే పదకొండు పేజీల ఫారాలు చేతిలో పెట్టి, ప్రతి ప్రశ్నకీ సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసుకోమని, తలొంచుకుని తన కాగితాలు తను చూసుకున్నాడు. మనసుని గుణకారం చేస్తే తేలుతుందా? ఇరవై నిమిషాల్లో లేచి వచ్చేశాను. షీటు మీద "ఫారాల డాక్టరు, ఫెయిల్" అని రాసి కింద రెండు గీతలు కొట్టాను.

ఆరో మనిషి దగ్గరికి మూడు అంతస్తులు మెట్లెక్కాలి. కింద జిరాక్స్ షాపు, దాని పక్కన కళ్ళజోళ్ళ షాపు, ఆ మధ్యలోంచి ఇరుకు మెట్లు. గదిలో రెండు కుర్చీలు, ఎదురెదురుగా కాకుండా కొంచెం పక్కకి తిప్పి ఉన్నాయి. ఆవిడకి యాభై దాటి ఉంటాయి, జుట్టు సరిగ్గా దువ్వుకోలేదు. నేను రొప్పుతున్నాను. "ముందు ఊపిరి తీసుకోండి, మాటలకి తొందర లేదు" అంది.

నా పాఠం అప్పజెప్పాను. లేవబుద్ధి కాదు, ఏమీ జరగలేదు, కారణం లేదు.

"సరే" అంది. అంతే. ఇంకెవరూ అప్పటిదాకా సరే అనలేదు.

కాసేపటికి అడిగింది. "లేవలేనప్పుడు ముందుగా ఏది బరువనిపిస్తుంది? కాళ్ళా, చేతులా, ఇంకేదైనానా?"

నా పాఠంలో అది లేదు. తమ్ముడు నాకెప్పుడూ చెప్పలేదు, నేనెప్పుడూ అడగలేదు. ఆలోచించి చెప్తానని తప్పించుకుని, ఇంటికొచ్చి వాడి పక్కన కూర్చుని అదే ప్రశ్న అడిగాను. వినలేదేమో అనుకుని లేవబోతుంటే అన్నాడు.

"కళ్ళు."

"కళ్ళా?"

"కాళ్ళూ చేతులూ బాగానే ఉంటాయి అక్కా. కళ్ళు తెరిస్తే రోజు మొదలైపోతుంది. అందుకని మూసుకుని పడుకుంటాను, నిద్ర లేకపోయినా." నాకేసి తిరిగాడు. "ఇది నన్నెవరూ అడగలేదు. నీకెవరు చెప్పారు?"

"ఒకావిడ. ఇంకా చూస్తున్నాను, తేలాక చెప్తాను."

ఏడాదిన్నరలో వాడు నాతో వరసగా అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే. ఆ రోజే షీటు మూసేసి వాణ్ణి వెంటబెట్టుకెళ్ళి ఉంటే ఈ కథ వేరేలా ఉండేది. కానీ మొదటి రోజు అందరూ మంచివాళ్ళే. మూడు పెట్టెల్లోంచి మూడు తీసి చూడందే నేను ఏ హెల్మెట్ మీదా సంతకం పెట్టను. మూడు గురువారాలు చూద్దామనుకున్నాను.

రెండో గురువారం కళ్ళ సంగతి చెప్పాను, నా కళ్ళైనట్టు. ఆవిడ శ్రద్ధగా వింది. మూడో గురువారం ఉన్నట్టుండి ఆపింది.

"ఒకటి అడగనా? లేవలేకపోవడం గురించి మీరు చాలా జాగ్రత్తగా చెప్తారు, వేరేవాళ్ళ వస్తువు చేత్తో పట్టుకున్నట్టు. మీరు పొద్దున్న ఎన్నింటికి లేస్తారు?"

"ఐదింటికి" అనేశాను. నోరు జారాక నాలిక కరుచుకుని ఏం లాభం.

"లేచి ఏం చేస్తారు?"

"తమ్ముడి గది తలుపు దగ్గర నిలబడతాను. ఊపిరి వినిపిస్తోందా అని."

అది చెప్పాలనుకోలేదు. చెప్పానో లేదో ఏడుపొచ్చింది. అమ్మ పోయినప్పుడు ఏడ్చాను, మొగుణ్ణి వదిలేసినప్పుడు ఏడవలేదు, మళ్ళీ ఇదే. ఆవిడ ఓదార్చలేదు, ఊరుకోమనీ అనలేదు. కాగితం రుమాళ్ళ డబ్బా నా వైపు జరిపింది. తర్వాత తమ్ముడి గురించి అడిగింది. ప్రాణం తీసుకుంటానని ఎప్పుడైనా అన్నాడా అంది. లేదన్నాను, బతకాలని ఉందని కూడా అనలేదన్నాను. అలాంటి మాట ఎప్పుడు వచ్చినా గురువారం దాకా ఆగకుండా ఫోన్ చెయ్యమని నంబరు రాసిచ్చింది. నాదని నేను చెప్పిందంతా తమ్ముడిదేనని ఆవిడకి అర్థమైపోయిందనుకుంటాను. కానీ ఎందుకలా చెప్పానని అడగలేదు. కొంతమంది సొంత బాధ చెప్పుకోలేక పక్కవాళ్ళ బాధ అరువు తెచ్చుకుంటారట, నేనూ అంతేననుకుందట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

మూడు గురువారాలు అయ్యాయి. ఆవిడ పాసైంది, నా చేతుల మీదుగా ఇంత బాగా ఎవరూ పాసవలేదు. నాలుగో గురువారం తమ్ముణ్ణి తీసుకెళ్ళాలి. నేనే వెళ్ళాను. "ఇంకా చూడాలి, తొందరపడకూడదు" అని షీటు మీద రాసుకున్నాను. పచ్చి అబద్ధం. ఆ గదిలో ఒక గంట నన్నెవరూ ఏమీ అడగరు, తెమ్మనరు, మోయమనరు. ఆ గంట కోసం నేను సోమవారం నుంచే ఎదురుచూసేదాన్ని. ఇంట్లో వాడు కుర్చీలో కూర్చుని నేను ఎవరినో తెస్తానని చూస్తున్నాడు, నేను ఇక్కడ కూర్చుని నా కథ చెప్పుకుంటున్నాను.

ఐదో గురువారం ఆవిడే అడిగింది. "మీ తమ్ముడికి మంచివాళ్ళ పేర్లు ఒకటి రెండు చెప్పమంటారా?"

"అక్కర్లేదండీ, దొరికారు" అన్నాను. మనసులో నవ్వుకున్నాను కూడా. చూశావా, నువ్వేనని నీకు తెలీదు అని.

ఆరో గురువారం ఒక మాటన్నాను. ఇక్కడ రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ రాయకపోతే మిగతాది అర్థం కాదు. ఒక్కోరోజు తలుపు దగ్గర నిలబడి వింటున్నప్పుడు, ఊపిరి వినిపించకపోతే బాగుండుననిపిస్తుంది అన్నాను. ఒక్క క్షణం. ఆ తర్వాత వినిపిస్తుంది, నేను వెళ్ళి కాఫీ పెడతాను. ఆవిడ మొహం మారలేదు. "ఎన్నాళ్ళుగా ఒక్కరే మోస్తున్నారు?" అంది. ఆ రోజు మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. ఇంటికొచ్చి చూస్తే తమ్ముడు పొద్దున్న కూర్చున్న చోటే కూర్చుని ఉన్నాడు, అదే చొక్కాలో, కాఫీ గ్లాసు కూడా కదల్లేదు. నామీద నాకే అసహ్యం వేసింది. ఏడో వారం ఆఖరు, ఆ పైవారం నుంచి ఈ గంట వాడిది అని అనుకున్నాను.

ఏడోసారి వెళ్ళొచ్చాక ఆదివారం వాడికి చెప్పాను.

"దొరికిందిరా."

"కళ్ళ సంగతి అడిగినావిడేనా?"

"ఆవిడే."

"నువ్వు పాస్ చేశావా?"

"చేశాను. సంతకం పెట్టి సీలేశాను."

"రిజెక్టమ్మ పాస్ చేసిందంటే ఇంక తిరుగులేదు" అన్నాడు. పెదవి ఒక పక్కకి కదిలింది. ఏడాదిన్నర తర్వాత మా తమ్ముడు జోక్ వేశాడు, అదీ నామీద. వంటగదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చాను.

ఆ మర్నాడు వాడు టేబుల్ దగ్గర కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. చెప్పబోతే మాటలు దొరకవని, రాసుకెళ్ళి చదువుతాడట. మూడు రోజులు రాశాడు, కొట్టేశాడు, మళ్ళీ రాశాడు. పన్ను చెక్కేటప్పుడు కూడా అలాగే మొహం దగ్గరగా పెట్టుకునేవాడు. బుధవారానికి నాలుగు పేజీలు తేలాయి. చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. గడ్డం గీసుకుంటే లోపలి మనిషి బయటపడ్డాడు, చెంపలు లోతుకు పోయాయి పాపం. ఆ వారం గురువారం నేను వెళ్ళి సంగతి చెప్పి, ఆ పైవారానికి వాడి పేరు రాయించుకు రావాలని అనుకున్నాం.

వెళ్ళాను. కూర్చోగానే అంతా కక్కేశాను. తమ్ముడి కోసం వచ్చానని, ముందుగా పరీక్ష చేశానని, ఐదుగురిని కొట్టేసి ఆవిడని ఎంచానని. ఏడు వారాలు దాచి ఆ రోజు నిజం చెప్పాను, మెచ్చుకుంటుందని. ఆవిడ చేతిలో పెన్ను పక్కన పెట్టింది.

"నేను మీ తమ్ముణ్ణి చూడలేనండీ."

"ఖాళీ లేదా? నా గంట ఉంది కదా, అది వాడికిచ్చెయ్యండి. నేను రాను."

"ఖాళీ గురించి కాదు. మీరు నా దగ్గర ఏడు వారాలు కూర్చున్నారు. ఒకే ఇంట్లో ఇద్దరిని విడివిడిగా చూడకూడదు మేము."

"అయితే నన్ను కొట్టెయ్యండి. ఇవాళ్టి నుంచి నేనెవరో మీకు తెలీదు."

"తెలుసు కదమ్మా" అంది. మొదటిసారి అమ్మా అంది. "ఆయన వచ్చి ఇక్కడ కూర్చుని, నన్ను నమ్మి ఉన్నదంతా చెప్తారు. మీరు ఆరో వారం అన్న మాట నా మనసులో ఉంటుంది. ఆయన మిమ్మల్ని గురించి చెప్పే ప్రతి మాటా నేను దానితో కలిపే వింటాను. వినకుండా ఉండడం నాకు చేతకాదు. ఒక రోజు ఆయనకి అది తెలుస్తుంది, ఇలాంటివి ఎలాగోలా తెలుస్తాయి. అప్పుడు ఆయనకి నేనూ ఉండను, మీరూ ఉండరు."

నాకు కోపం వచ్చింది. ఏం రూలండీ ఇది అన్నాను. మనిషి మునిగిపోతుంటే అక్కగారికి ఈత నేర్పాం కాబట్టి తమ్ముడికి చెయ్యివ్వం అంటారా అన్నాను. గొంతు పెంచాను, కింద జిరాక్స్ షాపు దాకా వినిపించి ఉంటుంది. ఆవిడ అన్నీ పడింది. పడి, రెండు పేర్లు రాసి ఇచ్చింది. మొదటి ఆవిడ దగ్గర ఐదు నెలల దాకా ఖాళీ లేదట. రెండో పేరు రెండుసార్లు చదివాను. ఫారాల డాక్టరు.

"మొదటి రోజు ఆయన అంతే, ఫారాలే. కొత్తవాళ్ళకి ఎదురుగా మొహంలో మొహం పెట్టి చూస్తే కష్టమవుతుందని, వాళ్ళు రాసుకుంటుంటే తలొంచుకుని కూర్చుంటారు. రెండో రోజు నుంచి ఆయనంత ఓపిగ్గా వినేవాళ్ళు నాకు తెలిసి లేరు. నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను" అంది.

ఇరవై నిమిషాలు. రెండు గీతలు.

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. తమ్ముడు టేబుల్ దగ్గరే ఉన్నాడు, కాగితాలు చదువుకుంటూ. "ఎన్నింటికట?" అన్నాడు. అబద్ధం చెప్పి నెట్టుకురావాలని దారంతా అనుకున్నాను. ఆ మొహం చూశాక నోరు రాలేదు. చెప్పేశాను. కుదరదట, నేను వెళ్ళాను కాబట్టి కుదరదట.

"ఎన్నిసార్లు వెళ్ళావు?"

"ఏడు."

"మూడు కదా నీ లెక్క."

నేను భుజం మీది సంచీ దించి కింద పెట్టాను.

"నా గురించి చెప్పావా?"

"చెప్పాను."

"ఏమని?"

"విసుగొస్తోందని."

"అంతేనా?"

"అంతే కాదు" అన్నాను.

అడుగుతాడనుకున్నాను. అడిగి, తిట్టి, టేబుల్ మీది గ్లాసు తీసి నా మొహాన కొట్టినా బాగుండేది. వాడు కాగితాలు వరసగా పేర్చి, అంచులు సరిచేసి, నాలుగు మడతలు పెట్టాడు.

"ఇంకొకాయన ఉన్నాడురా. నేను పొరపాటున కొట్టేశాను గానీ చాలా మంచివాడట. ఈ ఒక్కసారి నా మాట విను. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఒక్కసారి అన్నాను కదక్కా. ఆ ఒక్కసారి అయిపోయింది."

"నువ్వసలు వెళ్ళనే లేదు కదరా."

"వెళ్ళాను. ఈ మూడు రోజులూ ఆవిడకే చెప్పుకున్నాను." మడతపెట్టిన కాగితాలు జేబులో పెట్టుకున్నాడు. "నువ్వు మాత్రం మానకు. నెల్లాళ్ళుగా నువ్వు వంటగదిలో కూనిరాగాలు తీస్తున్నావు. నీకు తెలీదు. నాకోసం ఎవరో దొరికారని సంతోషమేమో అనుకున్నాను. పోనీలే, నీకైనా దొరికారు."

వాడి గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే దాన్ని పట్టుకుని నేను కూడా నాలుగు అనేదాన్ని, ఇద్దరం అరుచుకుని ఏడ్చేవాళ్ళం. ఇస్త్రీ చొక్కా విప్పి హ్యాంగరుకి తగిలించి, తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. ఫారాల డాక్టరు నంబరు రాసి వాడి బల్ల మీద పెట్టాను. మూడు రోజులు అది పెట్టిన చోటే ఉంది, నాలుగో రోజు దాని మీద కాఫీ గ్లాసు ఉంది. నేనే ఆయన దగ్గరికి వెళ్ళి, మీరే మా ఇంటికి రండి అని బతిమాలాను. మనిషి రానంటే బలవంతాన ఎవరూ ఏమీ చేయలేరన్నాడాయన, రోజూ ఒకసారి అడుగుతూ ఉండండి అన్నాడు. రోజూ అడుగుతున్నాను. వాడు రోజూ తల అడ్డంగా ఊపుతాడు, విసుక్కోకుండా.

ఆ పైన గురువారం నేను వెళ్ళకూడదనుకున్నాను. ఒట్టు పెట్టుకున్నాను. వాడి నోటికాడి కూడు లాక్కున్నదాన్ని, మళ్ళీ వెళ్ళి అదే కంచం ముందు ఎలా కూర్చోను? ఫ్యాక్టరీ నుంచి వచ్చి, కావాలనే కూరలు ముందేసుకుని తరుగుతున్నాను. సాయంత్రం ఐదున్నరకి వాడి గది తలుపు తెరుచుకుంది. గడ్డం మళ్ళీ పెరిగింది. గడియారం వైపు చూసి, నావైపు చూశాడు.

"టైం అయింది, వెళ్ళక్కా" అన్నాడు. వచ్చి నా ముందున్న కత్తిపీట తీసి పక్కన పెట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు.

వెళ్ళాను. మూడు అంతస్తులు ఎక్కాను, ఎక్కడా ఆగలేదు. ఈ వారం ఎలా ఉన్నారని ఆవిడ అడిగింది. నిద్ర పడుతోందండీ, ఆకలి వేస్తోంది, నిన్న ఫ్యాక్టరీలో గట్టిగా నవ్వాను కూడా అని చెప్పాను. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు.